స్వర్ణముఖి ఇసుకలో జ్ఞానాంబ ఆట

ఏర్పేడుకు అవతల, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్ళో జ్ఞానాంబ గోల్ఫు ఆడబోతోందన్న మాట పుట్టినప్పుడు మొదట ఎవరూ నమ్మలేదు. వాళ్ళను తప్పుపట్టడానికీ లేదు. ఆ ఊళ్ళో ఆటలంటే కుర్రాళ్ళకు క్రికెట్టు, ముసలాళ్ళకు పులిజూదం, అయిదేళ్ళకోసారి అందరికీ కలిపి ఎన్నికలు. అంతే. యాభై దాటిన ఆడమనిషి చీరకొంగు బొడ్లో దోపి, ఇనుపకర్ర భుజాన పెట్టుకుని, ఎండిన ఏట్లోకి దిగి బంతి కొడతానంటే నవ్వరా మరి? నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందని సామెత చెప్పుకుని ధైర్యం తెచ్చుకునే రకం కాదు జ్ఞానాంబ. నవ్వేవాళ్ళను నవ్వనిచ్చి తన పని తాను చూసుకునే రకం.

ఆమె పద్నాలుగేళ్ళు కువైట్లో ఒక ఇంట్లో వంట చేసింది. పొలంలో ఉన్న రెండు బోర్లూ ఒకే ఎండాకాలంలో ఎండిపోయి, మొగుడు ఆదిమూలం తల పట్టుకుని అరుగు మీద కూర్చున్న రోజుల్లో, కూతురు లోహిత ఇంకా ఏడో తరగతి చదువుతుండగా, రెండేళ్ళు పోయొస్తానని బయల్దేరింది. అవి కువైట్ పోయే ఆడవాళ్ళందరూ చెప్పే రెండేళ్ళే. ఒక రెండేళ్ళు వెనక ఇంకో రెండేళ్ళను పిలుచుకుని వస్తాయి. నడుమ నడుమ నెల సెలవు మీద వచ్చేది, తెచ్చిన సబ్బులూ సెంట్లూ పంచేలోపలే నెల అయిపోయేది. ఈలోగా లోహిత చదువు అయింది, పెళ్ళి అయింది, మొగుడితో సూళ్ళూరుపేటలో కాపురం పెట్టింది. కొత్త బోరు పడింది, ఇంటికి మిద్దె పడింది. పోయిన శ్రావణంలో జ్ఞానాంబ ఇక చాలనుకుని పెట్టె సర్దుకుని వచ్చేసింది.

రావడమైతే వచ్చింది. అసలు చిక్కంతా ఆ తర్వాతే మొదలైంది. ఆదిమూలం ఆమెను చుట్టాన్ని చూసుకున్నట్టు చూసుకోవడం మొదలుపెట్టాడు!

నవ్వకండి. దాని బాధ పడినవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున్నే ఆమె లేచేసరికి నీళ్ళు కాగి ఉంటాయి. పరుపున్న మంచం, ఫ్యాను ఉన్న గది ఆమెకు వదిలి తాను వరండాలో నులకమంచం వేసుకుంటాడు. అన్నం పెడితే పండుగలకు తీసే అంచు కంచం ఆమె ముందు పెట్టి, సొట్టపడిన కంచం తన ముందుకు లాక్కుంటాడు. టీవీలో తాను చూసేదేదో చూస్తుంటాడు, ఆమె వచ్చి కూర్చోగానే రిమోటు ఆమె చేతికిచ్చి పక్కకు జరుగుతాడు. మనిషి మంచివాడే. మాటలో కూడా ఎక్కడా పొల్లు లేదు. కాని చుట్టపుచూపుగా వచ్చిన వాళ్ళకు కూడా మూడు రోజుల తర్వాత ఆ మర్యాదలు తగ్గుతాయి కదా, ఇక్కడ నెలలు గడిచినా తగ్గలేదు.

ఒకప్పుడు ఇలా ఉండేవాళ్ళా వీళ్ళు? అబ్బో! వీళ్ళిద్దరి జగడం వినకపోతే ఆ వీధికి పొద్దు గడిచేది కాదు. పచ్చిపులుసులో ఉప్పు తక్కువైతే జగడం, గొడ్డు తాడు తెంపుకుంటే జగడం, తిరుపతిలో దిగాల్సిన బస్సు స్టాపు ఏదన్న దాని మీద కూడా ఒక జగడం. పొరుగింటి దేవకమ్మ గోడ మీద గడ్డం ఆనించి, ఎవరు గెలుస్తారో అని చూస్తుండేది. ఆ జగడాలన్నీ ఎటుపోయాయో జ్ఞానాంబకు అంతుపట్టలేదు. ఒకరోజు కావాలనే పప్పులో రెండింతలు ఉప్పు వేసింది. ఆదిమూలం ముద్దకో గుక్కెడు నీళ్ళు తాగుతూ మొత్తం తిన్నాడు. తిని, ఇంకొంచెం వెయ్యమన్నాడు కూడా. ఆరోజు ఆమెకు కంచం ముందే ఏడుపు వచ్చినంత పనైంది.

ఇలా ఉండగా కువైట్ నుంచి ఫోను వచ్చింది. చేసింది చిన్న మేడం, అంటే జ్ఞానాంబ పనిచేసిన ఇంటి పెద్దావిడ కూతురు. పెద్ద మేడానికి మతిమరుపు ముదిరిందట. ఎవరు ముద్ద పెట్టినా నోరు తెరవడం లేదట. జ్ఞానా ఏది, శుక్రవారం ఆటకు అన్నీ సర్దిందా అని రోజూ అడుగుతోందట. వీసా సిద్ధంగా ఉంది, ఆదివారం లోపల ఏదో ఒక సంగతి చెప్పు, నువ్వు రాకపోతే వేరే మనిషిని చూసుకోవాలి అని చిన్న మేడం బతిమాలింది.

జ్ఞానాంబ ఫోను పెట్టేసి వరండాలోకి వచ్చింది. ఆదిమూలం చేటలో చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. సంగతంతా చెప్పింది. అతని చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ ఒలవడం మొదలుపెట్టాడు.

“నీ ఇష్టం. నీకెట్ల మంచిదనిపిస్తే అట్ల చెయ్” అన్నాడు.

“నువ్వేమంటావు?”

“నేనేమంటా? పోవాలనుంటే పో. ఈడ నేను చూసుకుంటా గదా.”

అంతే, ఇంకో మాట లేదు. ఉండమనైనా అనలేదు, పొమ్మనైనా అనలేదు. ఉండమని ఒక్క మాట అంటే ఉండిపోవాలని ఉంది ఆమెకు. ఆ మాట నోరు తెరిచి అడిగి చెప్పించుకోవడానికి మనసొప్పలేదు. అడిగి పెట్టించుకున్న అన్నంలా అడిగి అనిపించుకున్న మాటకు రుచి ఉండదు. తన ఇంట్లో తాను చుట్టంగా బతకడం కన్నా, ఒకరి ఇంట్లో పనిమనిషిగా బతకడమే నయమేమో అని మొదటిసారి అనిపించింది ఆమెకు. పైగా అక్కడ ఒక ముసలిప్రాణం తన చేతి ముద్ద కోసం నోరు మూసుకుని కూర్చుంది.

ఆ శుక్రవారం ఆట సంగతి కాస్త చెప్పాలి. పెద్ద మేడం భర్త నూనె కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఆయన ఉన్నప్పుడే ఆమెకు గోల్ఫు పిచ్చి పట్టింది, ఆయన పోయాక ఇంకాస్త ముదిరింది. గోల్ఫంటే సినిమాల్లో మనం చూసేది పచ్చటి గడ్డి కదా? వాళ్ళు ఆడేచోట గడ్డిపోచ మొలవదు. ఎటు చూసినా ఎడారి, ఇసుక, గులకరాళ్ళు. అందుకని ఆడేవాళ్ళు మూరెడు పచ్చచాప ముక్క ఒకటి వెంట తీసుకుపోతారు. బంతి ఎక్కడ పడితే అక్కడ ఆ చాప పరిచి, బంతి దాని మీద పెట్టి కొట్టాలి. తెల్లబంతి ఇసుకలో కనబడదని నారింజరంగు బంతులు వాడతారు. చివరికి బంతిని ఒక గుంతలో పడెయ్యాలి. ఆ గుంత చుట్టూ ఇసుకలో నూనె పోసి, బాగా అణిచి, నున్నగా చేసి ఉంచుతారు. దాన్ని బ్రౌన్ అంటారు. జ్ఞానాంబ మొదటిసారి అది చూసినప్పుడు, నూనె పోసి మరీ నేల అలుకుతున్నారే, ఎంత బలిసిన దేశమో అనుకుంది.

గురువారం సాయంత్రమే ఆమె పని మొదలయ్యేది. గాలి ఎటునుంచి వీస్తుందో మిద్దెక్కి చూసి రావాలి. ఎండ ముదిరేలోపల ఆట ముగియాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ కాసేపు కూర్చోవాలో, మేడం మోకాళ్ళకు ఏ దిబ్బ కష్టమో ఆలోచించాలి. నీళ్ళు, ఖర్జూరాలు, ఒలిచిన కమలాపండ్లు, తడిపి మడిచిన తువ్వాలు సర్దాలి. శుక్రవారం సంచి, చాపముక్క మోసుకుంటూ వెనకే నడవాలి. తోడు ఆడేవాళ్ళు రానిరోజు మేడం ఆమె చేతికే కర్ర ఇచ్చేది. ఏళ్ళు గడిచేకొద్దీ జ్ఞానాంబ బాగానే కొట్టడం నేర్చింది. అయితే అది ఎప్పుడూ మేడం ఆటే. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో మేడం ఇష్టం. వచ్చేసేటప్పుడు మేడం ఒక పాత కర్ర, నాలుగు బంతులు, ఒక చాపముక్క, ఇద్దరి కాళ్ళ కొలతా ఒకటే కాబట్టి ఒక జత బూట్లు ఇచ్చి పంపింది. అవన్నీ అటక మీద మూలుగుతున్నాయి.

ఫోను వచ్చిన మరునాడు జ్ఞానాంబ అటకెక్కి వాటిని దించింది. ఎందుకని అడిగితే ఆమే సరిగ్గా చెప్పలేకపోయేదేమో. ఆదివారం జవాబు చెప్పాలి. చెప్పేముందు ఈ నేల మీద, తన ఊరి ఏట్లో, తన ఇష్టప్రకారం ఒక్కసారి పూర్తిగా ఆడాలి. చుట్టాలు చెయ్యని పని ఒకటి చేసి చూడాలి. అంతే ఆమె ఆలోచన.

పొద్దున్నే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గుపిండి తీసుకుని కూర్చుంది. ఏటి వంపు గీసింది. సీమతుమ్మ చెట్లు, చాకిరేవు బండలు, నీళ్ళ కోసం తోడుకున్న చెలమలు గుర్తుపెట్టింది. దేవకమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

“ఏంది జ్ఞానా, ముగ్గు ఎటు మొదలై ఎటు పోతాండాదో తెలీలేదే? చుక్కలేమైనాయి?”

“ముగ్గు కాదక్కా, ఏరు. ఆదివారం ఏట్లో బంతాట ఆడతాండా. దానికి దారి చూసుకుంటాండా.”

“రాముడు పద్నాలుగేండ్లు వనవాసం చేసొచ్చి పట్టాభిషేకం చేసుకున్నాడు. నువ్వు బంతాట ఆడతావా? బాగుండాది తల్లీ” అని దేవకమ్మ బుగ్గలు నొక్కుకుంది. అరగంటలో ఊరంతా తెలిసిపోయింది. దేవకమ్మకు తెలిసిన సంగతికి టముకు కొట్టించే ఖర్చు ఉండదు.

ఆదిమూలం పాలు పోసి వచ్చి, వాకిట్లో ఆ గీతల ముందు ఆగిపోయాడు. తల అటూ ఇటూ తిప్పి చూశాడు. మెల్లగా గొంతుక్కూర్చున్నాడు.

“ఈడ తుమ్మచెట్లు ఇప్పుడు లేవు. కొట్టేసినారు. ఈ పక్కంతా ట్రాక్టర్లోళ్ళు ఇసక తోడేసి పెద్దపెద్ద గుంతలు చేసినారు. దిగితే ఎక్కలేవు” అని వేలితో ముగ్గు చెరిపి కొత్తదారి చూపించాడు.

“గుంతలుంటే మంచిదే. ఆటలో గుంతలు ఉండాల్సిందే” అంది జ్ఞానాంబ.

“మరి ఈ గుర్తులేంది?”

ఆమె చెప్పింది. ఆరుచోట్ల గుంతలు పెట్టుకోవాలనుకుంటోంది. ఐదింటికి పాత చెలమలు ఉన్నాయి, వాటిని సరిచేసుకుంటే చాలు. చివరిది రేవు పక్కన ఉన్న మెట్ట మీద. అక్కడ మాత్రం మేడం వాళ్ళలాగా చుట్టూ నున్నగా ఉండాలి, బంతి దొర్లాలి. అక్కడైతే నూనె పోస్తారు, ఇక్కడ ఏం చెయ్యాలో తోచడం లేదు.

“నూనె పోసేదేంది ఇసకలో! ఇంట్లోవాళ్ళు తాలింపుకు ఏం చేస్తారంట?” అన్నాడు ఆదిమూలం. అతని ముఖంలో చిన్న నవ్వు కూడా కదిలింది. ఇద్దరి తలలూ ఒకే గీత మీద వంగి అంతసేపు ఉండటం ఆమె వచ్చాక అదే మొదలు. జ్ఞానాంబకు ప్రాణం లేచొచ్చింది. కాని ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. మాట మధ్యలోనే అతను లేచి, కండువా దులుపుకుని, పనుందని వెళ్ళిపోయాడు.

ఆ మరునాడూ అంతే. తెల్లవారుతూనే గంప, పార తీసుకుని పోతాడు, ఎండ ముదిరాక వస్తాడు. ఏం పని అంటే మడికాడ పని అంటాడు. మళ్ళీ ఆ అంచు కంచం, ఆ వేడినీళ్ళు, ఆ మర్యాదలు అన్నీ మామూలే. తన ముఖం చూడలేక తప్పించుకుని తిరుగుతున్నాడని జ్ఞానాంబ తీర్మానించుకుంది. పోయేది ఎలాగూ పోతుంది, దానికి ఇప్పటినుంచే అలవాటు పడుతున్నాడని అనుకుంది. శనివారం మధ్యాహ్నం మంచం కింద నుంచి పెట్టె లాగి, దుమ్ము తుడిచి, రెండు చీరలు మడిచి పెట్టింది. ఆదిమూలం లోపలికొచ్చాడు, పెట్టె చూశాడు, చూడనట్టే నీళ్ళు తాగి బయటికి పోయాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

ఆదివారం వెలుగు రాగానే బయల్దేరింది. చీర కింద మేడం ఇచ్చిన బూట్లు. చేతిలో కర్ర. సంచిలో నీళ్ళు, అరటిపండ్లు, బంతులు, తడిపిన తువ్వాలు. గడప దాటుతుంటే ఆదిమూలం వచ్చి ఆమె చేతిలోంచి సంచి, చాపముక్క తీసుకున్నాడు.

“నేను మోస్తా పా” అన్నాడు.

దేవకమ్మ అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. “మొగుడిచేత సంచి మోయించుకునే యోగం అందరికీ పట్టదు జ్ఞానా!” అని సాగదీసింది.

ఏట్లో చల్లటి గాలి కూడా లేదు. ఇసుక మీద రాత్రి తిరిగిన కుక్కల అడుగులు, నిన్నటి ట్రాక్టరు చక్రాల జాడలు. జ్ఞానాంబ చాప పరిపించి, బంతి పెట్టి, కాళ్ళు ఎడంగా వేసి, ఊపిరి బిగబట్టి కొట్టింది. నారింజరంగు బంతి గాల్లోకి లేచి, ఎక్కడో దూరాన ఇసుకలో టప్పున పడింది. ఆమె గుండె కూడా ఒకసారి అలాగే ఎగిరింది. ఇది మేడం చెప్పిన దెబ్బ కాదు, తన దెబ్బ.

“బాగుండాది” అన్నాడు వెనక నుంచి ఆదిమూలం.

రెండో దెబ్బ గురి తప్పి, రేవు బండకు తగిలి పక్కకు పోయింది. “అదీ బాగుండాది” అన్నాడు. మూడోది ఇసుకగుంతలో పడి, వెతికితేగాని కనబడలేదు. “బలే కొట్టినావు” అన్నాడు. గేదె ఒకటి దారికడ్డంగా పడుకుని నెమరువేస్తుంటే, దాన్ని అదిలించకుండా చుట్టూ తిరిగిపోయారు. ఆదిమూలం ఆమెకు మూడడుగులు వెనక, చాపముక్క చంకలో పెట్టుకుని, అడిగినప్పుడు పరుస్తూ, అడక్కపోతే నోరెత్తకుండా నడుస్తున్నాడు. కువైట్లో తాను నడిచింది అచ్చం అలాగే. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా జ్ఞానాంబకు ఏదోలా అయింది. చెలమల్లో ఐదు గుంతలూ ఎలా ముగించిందో ఆమెకే తెలియదు. ఆటలో రుచి లేదు. కొట్టినదీ బాగుంది, తప్పినదీ బాగుంది అనే మనిషితో ఏం ఆడతారు?

ఇక మిగిలింది మెట్ట మీది ఆరోది. బంతి అటు కొట్టి, దాని వెనకే విసురుగా మెట్ట ఎక్కింది.

ఎక్కి నిలబడిపోయింది. అక్కడ ఒక కళ్ళం ఉంది! మడిలోంచి బంకమన్ను తెచ్చి పరిచి, తొక్కి, నీళ్ళు చల్లి చదును చేసి, పైన పేడతో అలికిన కళ్ళం. గుండ్రంగా, పళ్ళెంలా, ఎక్కడా బీటలేదు. ఆ ఊళ్ళో కళ్ళం వేసి ఎన్నేళ్ళయిందో! కోత మిషన్లు వచ్చాక వడ్లు నేరుగా గోతాల్లోకే పోతున్నాయి, ఉలవలూ అలసందలూ తారురోడ్డు మీద ఆరబోస్తున్నారు. నడిమధ్యన, పూర్వం నూర్పిడికి ఎడ్లను కట్టి తిప్పడానికి పాతినట్టే, ఒక గుంజ పాతి ఉంది.

గుంత లేదు. గుంజ ఉంది. జ్ఞానాంబకు ముందు అదే కనబడింది. ఇన్ని రోజులుగా లోపల కుక్కుకున్నదంతా ఆ గుంజ మీదికి వచ్చింది. గబగబా కళ్ళం మీదికి నడిచి, రెండు చేతులతో గుంజను పట్టుకుని ఊపింది.

“ఏమ్మే!”

ఆ కేకకు రేవులో కొంగలు లేచాయి. సంచి, చాప కిందపడ్డాయి. ఆదిమూలం కళ్ళు ఎర్రబడ్డాయి.

“చెప్పులతో తొక్కుతావా కళ్ళాన్ని? కండ్లు యాడ పెట్టుకోని నడస్తాండావు?”

“చెప్పులు కాదు, బూట్లు!” అంది జ్ఞానాంబ. నోటికి ముందు ఏది వస్తే అది అంది.

“బూట్లయితే పుణ్యమొస్తాదా? అన్నం పెట్టే తావమ్మే అది! మీ నాయన కళ్ళంలో కాలు కడుక్కోకుండా అడుగు పెట్టేటోడా? ఆయన కడుపున పుట్టి ఇట్ల తొక్కుతావా? మన్ను మోసి, పేడ మోసి, నీళ్ళు మోసి నడుములు ఇరిగినాయి నాకు. నీకు ఆటగా ఉండాదా?”

“ఆటే గదా ఇది!”

“ఆట నీది. కళ్ళం నాది!”

“నడిమిట్లో గుంజ ఎందుకు పాతినావు? గుంత గదా ఉండాల్సింది? చిలక్కి చెప్పినట్టు చెప్తిని!”

“కళ్ళంలో గుంత తవ్వుతారా యాడన్నా? గుంజ లేకుండా కళ్ళముంటాదా? బంతి వచ్చి గుంజకు తగిల్తే సాలదా ఏంది? గుంత తవ్వి పెడితే, రేపు ఏ గొడ్డన్నా కాలు ఇరగ్గొట్టుకుంటే ఎవురు జవాబు చెప్పేది? మీ మేడమా?”

“ఆయమ్మనెందుకు లాగుతావు మధ్యలో?”

“లాగుతా! పద్నాలుగేండ్లు ఆయమ్మ మోకాళ్ళ నొప్పి తెల్సు నీకు. నా నొప్పి తెల్సా? రెండేండ్లని పోతివి. మళ్ళా రెండేండ్లు, ఇంగో రెండేండ్లు. పాపకు జడెయ్యను నేర్చుకుంటిని. అది పెద్దమనిషైన దినం ఏం చెయ్యాల్నో తెలీక, దేవకమ్మ ఇంటికి పరిగెత్తి ఆయమ్మ కాళ్ళు పట్టుకుంటిని. నువ్వు ఫోన్లో ‘బాగుండారా’ అంటివి. నేను ‘బాగుండాము’ అంటిని. యాడమ్మే బాగుండేది?”

జ్ఞానాంబ గుంజను ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ రోజు ఫోనులో తాను ఎందుకు గట్టిగా అడగలేదు? అడిగితే ఏడుస్తారని, ఏడిస్తే తాను అక్కడ ఉండలేనని. అదీ నిజమే. నిజమైనా తప్పు తప్పే. కళ్ళు నిండాయి, అయినా వెనక్కి తగ్గలేదు.

“నేనేమన్నా సోకులకు పోతినా? ఆడ కూడా నాకు ఒక్క రోజు నిద్ర పట్టిందా? సరే, అప్పుడంటే పోతిని. ఇప్పుడు పోవద్దని ఒక్క మాట అంటే నీ నోట్లోంచి ముత్యాలు రాల్తాయా? పెట్టె సర్దుకుంటాంటే చూసి, నీళ్ళు తాగి పోతివే!”

“వద్దంటే ఆగిపోతావు” అన్నాడు ఆదిమూలం. గొంతు ఒక్కసారిగా కిందికి దిగింది. “నువ్వు ఆగిపోతావని తెల్సు. ఆగినాక, ఇంట్లో ఏది తక్కువైనా, ‘నీ వల్లే ఆగిపోయినా, పోయుంటే బాగుండు’ అంటావు. ఆ మాట పడే ఓపిక నాకు లేదు. అందుకే నోరు మూసుకోనుండా. నీకు యాడా కష్టం కాకుండా చూసుకుంటే నువ్వే ఉండిపోతావనుకుంటి.”

ఓరి మనిషీ! ఆ అంచు కంచం, ఆ వేడినీళ్ళు, ఆ ఉప్పుపప్పు అన్నీ అందుకా! జ్ఞానాంబకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియక గుంజ పట్టుకుని అలాగే నిలబడింది.

“అంటాను” అంది చివరికి. “నీ వల్లే ఆగినానని కచ్చితంగా అంటాను. నెలకోసారన్నా అంటాను. అంటే పడు. పడలేకపోతే నువ్వూ నాలుగు అను. ఇప్పుడు అన్లా?”

“ముందు ఆ బూట్లు తియ్” అన్నాడు ఆదిమూలం.

ఆమె కిందికి చూసుకుంది. ఇంకా కళ్ళం మధ్యలోనే ఉంది. నాలుక కరుచుకుని, ఒక్క గెంతులో అంచు దాటి, బూట్లు విప్పి అవతలికి విసిరేసింది. సంచిలోని నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, వెనక్కి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, తన అడుగులు పడ్డచోట తడిచేత్తో అలకడం మొదలుపెట్టింది. ఆదిమూలం కూడా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“అట్ల కాదు, గుండ్రంగా తిప్పు. అలకడం కూడా మర్చిపోతివా?”

“నాకు చెప్పొచ్చినావు పెద్ద! మీ ఇల్లు అలికింది ఎవురు అన్నాళ్ళు?”

“అందుకే గదా వానొస్తే పెచ్చులు లేసేది.”

ఇద్దరూ ఒకరినొకరు అనుకుంటూనే అంతా సరిచేశారు. అప్పుడు జ్ఞానాంబ ఉత్త కాళ్ళతో కళ్ళం అంచున నిలబడి బంతి కొట్టింది. అది నున్నటి అలుకు మీద జారుతూ పోయి గుంజకు ఠక్కున తగిలింది. ఆదిమూలం ఈసారి బాగుండాది అనలేదు. “రవ్వంత మెల్లగా కొట్టు, గుంజ ఊడొస్తాది” అని కసిరాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత జ్ఞానాంబకు తన ఇంటికి తాను వచ్చినట్టయింది.

అరటిపండ్లు తింటుండగా ఫోను మోగింది. తెల్లవారుజామున నమాజుకు లేచే ఇల్లు కాబట్టి చిన్న మేడం అప్పటికే లేచి ఉంది. జవాబు అడిగేలోపలే జ్ఞానాంబ, ఫోను ఒకసారి పెద్ద మేడం చెవి దగ్గర పెట్టమంది.

“మేడం, ఆట అయిపోయింది. గాలి లేదు. బంతులన్నీ దొరికినాయి” అని తనకు వచ్చిన అరబ్బీలో, గట్టిగా, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

అటువైపు నుంచి, బాగా నలిగిపోయిన గొంతుతో, “నువ్వు తిన్నావా జ్ఞానా?” అని పెద్ద మేడం అడిగింది.

“తింటాండా మేడం. మీరు కూడా తినల్ల. ఎవురు పెట్టినా తినల్ల” అంది. ఆ తర్వాత ఫోను దూరంగా పట్టుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ ముద్ద ఇక వేరేవాళ్ళు పెట్టాల్సిందే. ఆ బాధ ఆమెకు ఎన్నాళ్ళైనా ఉంటుంది.

చిన్న మేడం మళ్ళీ ఫోను తీసుకుంది. “అయితే వస్తున్నావా?”

“రాను మేడం.”

“ఎందుకు? ఏమైంది?”

జ్ఞానాంబ పక్కకు చూసింది. ఆదిమూలం ఆమె విసిరేసిన బూట్లలోంచి ఇసుక దులుపుతూ, తనలో తాను ఇంకా ఏదో గొణుగుతున్నాడు.

“మా ఇంటాయనకు నా మీద శానా కోపంగా ఉండాది.”

“అయ్యో, పాపం!” అంది చిన్న మేడం నిజంగానే జాలిపడుతూ. “ఎప్పటినుంచి?”

“పద్నాలుగేండ్ల నుంచి” అంది జ్ఞానాంబ. “నాకు ఈ దినమే చెప్పినాడు.”